సవరంలో పసుపు చుక్కలు

“తప్పు లేదు సార్!”

ఫోనులో ఆ మాట చెవిన పడగానే డాక్టర్ పాండురంగం కుర్చీలోంచి లేచి, భోజన పరిశీలనా కేంద్రం మొదటి అంతస్తంతా మోగేలా “తప్పు లేదుట!” అని అరిచాడు. మామూలుగా మాట్లాడితేనే ఆయనకి పక్కగదిలోవాళ్లు జవాబు చెబుతారు. ఇక అరిస్తే గేటు బయట ఆటోలు ఆగి, ఎక్కేదెవరా అని చూస్తాయి.

ఫోను చేసింది చంద్రకళ. ఊళ్లు తిరిగి జనం తిండి వివరాలు పట్టుకొచ్చే ఉద్యోగం ఆ అమ్మాయిది. భువనగిరి అవతల ఒక పల్లెలో, రైస్ మిల్లు పక్కన నిలబడి మాట్లాడుతోంది. మిల్లు మోతలో ఆమె ఇంకా ఏదో చెబుతూనే ఉంది గాని, పాండురంగం అప్పటికే ఫోను పెట్టేసి రెండు కిలోల బూందీ లడ్డూకి మనిషిని పంపించేశాడు. పెద్ద కార్యదర్శి గోవర్ధనం గారికి కూడా చెప్పేశాడు: “సార్, ఆఖరి పరీక్ష కూడా అయిపోయింది. దువ్వెనలో తప్పు లేదు. సోమవారం సంతకం పెట్టేద్దాం.”

దువ్వెన అంటే దువ్వెనే. పదకొండేళ్లుగా పాండురంగం దాన్ని తయారుచేస్తున్నాడో, అది పాండురంగాన్ని తినేస్తోందో ఇంట్లో ఆయన భార్య సుభాషిణికి తెలుసు. చూడ్డానికి బజార్లో దొరికే దువ్వెనలాగే ఉంటుంది. దాని పళ్లూ ముప్ఫై రెండే, మనిషికున్నన్నే. కాకపోతే ఈ పళ్లు అబద్ధమాడవు. తలలో పెట్టి ఒక్కసారి దువ్వితే చాలు, ఆ మనిషి తిన్నదంతా తెర మీద రంగుల పట్టీగా వచ్చేస్తుంది. తెలుపంటే బియ్యం, జొన్నలు. పసుపంటే పప్పులు. నీలం పాలు, ఎరుపు మాంసం, గుడ్లు, ఆకుపచ్చ కూరలు. వెంట్రుక నెలకి అర అంగుళం పెరుగుతుంది గనక, అర అంగుళం పట్టీ అంటే ఒక నెల భోజనం. “ఇన్నాళ్లూ మనిషి తలరాత చదివేవాళ్లని చూశాం, ఇది తల తిన్నది చదువుతుంది” అని పాండురంగం ప్రతి మీటింగులోనూ అంటాడు. ప్రతి మీటింగులోనూ ముందుగా ఆయనే నవ్వుతాడు.

నలభై వేల ఇళ్లలో దువ్వారు. ఇంటికి ఒక్క తల, అదీ ఇంటి యజమాని తల. ఆ నియమం పాండురంగమే రాశాడు. ఒక్క కుండ, ఒక్క కూర, ఒక్క దువ్వెన. ఒకే కుండలోది తినేవాళ్లందరినీ దువ్వడమెందుకని. అన్నీ కలిపి సగటు తీస్తే దేశం కంచం ముచ్చటగా వచ్చింది. పసుపు వాటా కావలసినంత ఉంది. ఆ కాగితం మీద పాండురంగం సంతకం పడితే, రేషను షాపులో ఇంటికి నెలనెలా ఇచ్చే రెండు కిలోల కందిపప్పు ఆపేస్తారు. జనం తింటూనే ఉన్నారుగా, ఇంకెందుకని.

సాయంత్రం చంద్రకళ దుమ్ముకొట్టుకుని ఆఫీసుకి వచ్చేసరికి లడ్డూ డబ్బా అడుగంటింది. అకౌంట్సు సూర్యం గారు నాలుగోది నోట్లో వేసుకుంటున్నాడు.

“ఏంది సార్ లడ్డూలు? ఎవరికన్న బిడ్డ పుట్టిందా?”

“నీ నోటి చలవేనమ్మా! తప్పు లేదన్నావు కదా!”

చంద్రకళ సంచీ కింద పెట్టింది. “తప్పా? నేను తప్పనలే సార్. పప్పన్న. పప్పు లేదన్న.”

“ఏ పప్పు?”

“ఏ పప్పూ లేదు. కంది లేదు, పెసర లేదు, మినుము లేదు. ఇరవై మూడు ఇండ్లల్ల ఇరవై మూడు పట్టీలు, పాలిపోయిన మొకం లెక్క తెల్లగున్నయి.”

పాండురంగం చేతిలో లడ్డూ ఉంది. ‘శనగపిండి! పప్పు లేదన్న వార్తకి పప్పు పంచిపెట్టాను’ అని ఒక చమత్కారం ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, ఎందుకో అక్కడే ఆగిపోయింది.

“యజమానుల్ని దువ్వావా?”

“యాడ దువ్వాలె సార్? ఊరి మొగోళ్లంత మొన్ననే యాదగిరిగుట్టకు పోయి గుండ్లు కొట్టించుకొచ్చిన్రు. దువ్వెనకు పండ్లున్నయి గని, నమలనీకి వెంట్రుకల్లేవు. అట్లనే వాపసు రావాల్నా? వాళ్ల పెండ్లాలను దువ్విన.”

“కుండలు తూచావా?”

“తూచిన. మీరు చెప్పినట్లే. కుండల ఉన్న పప్పును ఇంట్ల మనుషులతోని భాగిస్తే తలకు నలభై గ్రాములొచ్చింది. లెక్క మంచిగనే ఉంది.”

“మరింకేం! కుండలో ఉన్నది కడుపులోకి వెళ్లక ఎక్కడికి పోతుంది? పొడుగు జుట్టు దగ్గర మిషను తికమక పడుతోంది. మగాళ్ల రెండంగుళాల జుట్టు మీద తయారుచేశాం కదా, మూడడుగుల జడ చూసి జడుసుకుంది.”

చంద్రకళ నవ్వలేదు. “ఒకామె చేతులు వట్టుకున్నది సార్. ‘జర తుడిపెయ్యి బిడ్డా, మా ఆయనకు చూపియ్యకు, పరేషానైతడు’ అన్నది. మిషను తప్పైతే ఆమెకెట్ల తెల్సు, పట్టీల ఏమొచ్చిందో? నేనింకా చెప్పనే లేదు.”

పాండురంగం దువ్వెన తీసి సంచీలో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

మిషను సరిగ్గా ఉందో లేదో తేలాలంటే దారి ఒక్కటే. పొడుగు జుట్టున్న మనిషి కావాలి. ఆ మనిషి ఏం తిన్నదో పాండురంగానికి రూఢిగా తెలిసుండాలి. ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ భార్య జడకేసి అదే పనిగా చూశాడు.

“ఏమిటలా చూస్తున్నారు?”

“నీ జుట్టు ఒకసారి దువ్వనా?”

“ఇరవై ఆరేళ్లలో నా తలలో పువ్వులున్నాయో లేదో చూసిన పాపాన పోలేదు. ఇవాళ దువ్వుతారా! ఏం అక్కర్లేదు. నా తల నాది.” సుభాషిణి జడ ముడిచేసుకుంది. “అంతగా కావాలంటే వదినగారి సవరం ఉంది, తీసుకోండి.”

ఆ మాట వినగానే పాండురంగం తొడ చరుచుకున్నాడు. అక్క! ప్రపంచంలో ఎవరి కంచం సంగతి తెలియకపోయినా అక్క కంచం తనకు తెలియదా? చీరాలలో ఒకే పైకప్పు కింద, ఒకే కుండలోది తిని పెరిగారు. అమ్మ తన ఆరో ఏట పోయింది. నాన్న, బాబాయి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేసేవాళ్లు. నాయనమ్మ నులకమంచం మీద ఉండేది. తొమ్మిదేళ్లు పెద్దదైన భ్రమరాంబక్కే కండెలు చుట్టేది, వండేది, వడ్డించేది. తన పెళ్లికి సుభాషిణికి పెట్టడానికి అక్క దగ్గర బంగారం లేదు. ఏళ్ల తరబడి దువ్వినప్పుడల్లా రాలిన వెంట్రుకలు చుట్టచుట్టి గోడ గూట్లో దాచి, వాటితో సవరం కట్టించి తెచ్చింది. మరదలి జడలో తనే పెట్టి అల్లింది. నలభై ఒకటో ఏట పోయింది. ఒంట్లో రక్తం లేదన్నారు డాక్టర్లు.

సుభాషిణి పెట్టె అడుగు నుంచి పాత పట్టు రుమాలు విప్పి సవరం తెచ్చింది. రెండడుగుల పొడుగు, ఇంకా నల్లగా ఉంది. పాండురంగం దాన్ని భోజనాల బల్ల మీద పరిచి దువ్వెన పెట్టాడు. తెగిన పోగుని పోగుతో కలిపి మగ్గం మీద బట్ట నడిపించినట్టు, దువ్వెన ఒక్కో వెంట్రుకకీ దాని జత వెతికి పక్కపక్కన పేర్చుకుంటూ పోయింది. పదిహేనేళ్ల పట్టీ తయారైంది.

తెల్లగా ఉంది.

“చూశావా!” అన్నాడు పాండురంగం విజయగర్వంతో. “నే చెప్పలా? మిషను పాడైంది. మా ఇంట్లో రోజూ పప్పు ఉండాల్సిందే. అది లేకపోతే నేను పీటే ఎక్కేవాణ్ణి కాదు. ఆ రోజుల్లో గవర్నమెంటు మనిషి త్రాసు పట్టుకొచ్చి మా ఇంట్లో పప్పు కుండ తూచాడు తెలుసా? రెండు వందల గ్రాములు, ఐదుగురు మనుషులు, తలకి నలభై. ‘అందరికీ సరిపోతోందామ్మా?’ అని అక్కనడిగితే, ‘బాగా సరిపోతోందండీ’ అంది. ఆయన త్రాసు చూసే నాకు ఈ చదువు మీద మనసు పడింది.”

“వదినగారు మీ పక్కన కూచుని తినేవారా?”

“పక్కనే ఉండేది.”

“తినేవారా?”

పాండురంగం గుర్తు తెచ్చుకోబోయాడు. అక్క గరిటె గుర్తుంది. ఆ గరిటె పట్టుకున్న చెయ్యి గుర్తుంది. ‘ఇంకొంచెం వెయ్యనా తమ్ముడూ, చదువుకునే బుర్ర, బలం కావాలి’ అనే గొంతు గుర్తుంది. తన కంచంలో పప్పు మధ్య గుంట చేసి నెయ్యి పోసే తీరు కూడా గుర్తుంది. అక్క కంచం మాత్రం ఎంత తవ్వినా గుర్తు రావడం లేదు. దానికి అంచు ఉందో లేదో కూడా తెలియదు.

“అక్కకి పప్పు పడదు” అన్నాడు. “కడుపుబ్బరం వస్తుందనేది.”

అని, తన మాట తనే విన్నాడు. పడదంటే గిట్టదనుకున్నాడు ఇన్నేళ్లూ. మాటల్ని మెలిపెట్టి బతికేవాడు, ఆ ఒక్క మాటని తిప్పి చూడలేకపోయాడు. అది అక్క కంచంలో పడదని.

సుభాషిణి తెర దగ్గరికి వంగింది. “పూర్తిగా తెలుపు కాదండీ. ఇదిగో, ఇక్కడ పసుపు చుక్క. మళ్లీ ఇక్కడ.”

నిజమే. పన్నెండు నెలల దూరానికి ఒకటి, ఆవగింజంత చుక్క. లెక్కపెడితే తొమ్మిది. ప్రతి చుక్క పక్కనా చిన్న నారింజ మరక ఉంది.

“పండగలేమో” అన్నాడు. “కాదు. నారింజంటే మామిడిపండు. ఎండాకాలం.”

సుభాషిణి మెల్లిగా అంది: “ఎండాకాలం సెలవుల్లో మీరు మంగళగిరి మీ మావయ్యగారింటికి వెళ్లేవారు కదూ? పదిహేను రోజులు?”

పాండురంగం మళ్లీ లెక్కపెట్టాడు. ఏడో ఏటి నుంచి పదిహేనో ఏటి దాకా తొమ్మిది సెలవులు. తొమ్మిది చుక్కలు. తను ఊళ్లో లేనప్పుడు కుండలో కాస్త మిగిలేది. అక్కకి ఆ పదిహేను రోజులూ పప్పు గిట్టేది.

పదో ఎండాకాలం నాటికి తను గుంటూరు హాస్టల్లో ఉన్నాడు. ఇక ఇంట్లో ఒక కంచం తగ్గిందిగా. ఆ నెల నుంచీ పట్టీ పసుపెక్కాలి, ఎక్కి తీరాలి. ఆయన వేలు పెట్టి తెర మీద ముందుకి జరిపాడు. తెలుపు. ఇంకా జరిపాడు. తెలుపు. ఎండాకాలపు చుక్కలు కూడా ఆగిపోయాయి.

“ఇప్పుడేమైంది? ఇప్పుడెవరు తింటున్నారు!” అని అరిచాడు. వంటింట్లో గిన్నె కంగుమంది. ఆ అరుపు గోడకి తగిలి తిరిగొచ్చేలోపు ఆయనకే తెలిసిపోయింది.

ప్రతి నెలా మొదటి వారం హాస్టలుకి పాలపొడి డబ్బా వచ్చేది. దాన్నిండా సున్నుండలు, మినప్పప్పు వేయించి, తిరగలిలో విసిరి, బెల్లంతో కట్టినవి. గదిలో కుర్రాళ్లు ఎగబడేవారు. ‘రెండురోజుల్లో సున్నా ఉండలే మిగిలాయిరా’ అని తను జోకు వేస్తే హాస్టలంతా విరగబడి నవ్వింది. ఆ జోకు అక్కకి ఉత్తరంలో కూడా రాశాడు. మరుసటి నెల డబ్బా ఇంకాస్త పెద్దది వచ్చింది.

సవరం మీద తల ఆనించి పాండురంగం ఏడ్చాడు. ఏడవడం కూడా బిగ్గరగానే ఏడ్చాడు. ఆయనకి నెమ్మదిగా ఏదీ చేతకాదు.

మధ్యాహ్నం సుభాషిణి అన్నం పెట్టింది. ముద్దపప్పు, గోంగూర. ఆయన కంచం ముందు కూచుని, వడ్డిస్తున్న ఆమె చేతిని పట్టుకున్నాడు.

“నువ్వు కూచో.”

“మీరు తినండి, నేను తర్వాత.”

“ఒక్కసారి దువ్వనీ, సుభా.”

ఆమె చెయ్యి విడిపించుకోలేదు. “వద్దండి. తెలుసుకుని ఏం చేస్తారు? ఇన్నేళ్లూ జోకులేసి నవ్వించారు, అదే నాకు మిగిలింది. ఇప్పుడు పట్టీ తీసి దాన్ని కూడా పోగొట్టకండి.”

తను చేసిన మిషను ఒక ఇంట్లో ఏం చేయగలదో పాండురంగానికి ఆ పూట అర్థమైంది. ఆ పల్లెలో ఒకామె తుడిపేయమని ఎందుకు బతిమాలిందో కూడా. అయినా సుభాషిణి కూచుంది. ఆయన లేచి గరిటె తీసుకున్నాడు. ముద్దపప్పు గరిటెకి అంటుకుని ఒక పట్టాన దిగలేదు. దాన్ని విదిలించి వెయ్యాలని యాభై ఏడేళ్లొచ్చినా తెలియదు. ఆమె నవ్వి, తనే వేలితో తుడిచి వేసుకుంది.

సోమవారం కేంద్రం హాలు నిండిపోయింది. గోవర్ధనం గారు బల్ల మధ్యలో కూచున్నాడు. ఫైళ్లని చిటికెనవేలితో జరిపే అలవాటు ఆయనది, పేరు నిలబెట్టుకోవడానికన్నట్టు. కాగితాన్ని అలాగే జరిపి, పక్కన కలం పెట్టాడు.

“కానివ్వండి పాండురంగం గారూ. ఏదో ఒక చమత్కారం చెప్పి సంతకం చేసేయండి.”

“చెబుతానండీ.” పాండురంగం లేచాడు. “శనివారం నేను మీ అందరికీ లడ్డూలు పంచాను. చంద్రకళ ఫోనులో ‘పప్పు లేదు’ అంది. నేను ‘తప్పు లేదు’ అని విన్నాను. పప్పు లేదన్నందుకు శనగపిండి లడ్డూ పెట్టిన ఘనుణ్ణి నేనే.”

హాలు గొల్లుమంది. సూర్యం గారు పొట్ట పట్టుకుని నవ్వాడు. అందరికంటే ముందు నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు. నవ్వులు సద్దుమణిగేదాకా నిలబడి, పట్టు రుమాలు విప్పి సవరాన్ని కాగితం మీద పెట్టాడు.

“నేను సంతకం పెట్టనండీ.”

గోవర్ధనం గారి చిటికెనవేలు ఆగిపోయింది. “అంటే మిషనులో తప్పుందా?”

“దువ్వెన బానే ఉంది. ఎవర్ని దువ్వాలో చెప్పడంలో నేను పొరబడ్డాను. తినేవాణ్ణి దువ్వాను. పెట్టే మనిషిని దువ్వలేదు. కుండ ఒకటే కదా అనుకున్నాను.”

“సగటు సరిగ్గా వచ్చిందన్నారు!”

“సరిగ్గానే వచ్చింది సార్. మా ఇంట్లోనూ సరిగ్గానే వచ్చేది, తలకి నలభై గ్రాములు. నాన్నకి అరవై, బాబాయికి అరవై. నాకు ఎనభై.”

కూడిక చేసుకోవడానికి హాలుకి రెండు క్షణాలు పట్టింది. మూడు కంచాలకే రెండు వందలూ అయిపోయాయి. ఐదుగురు మనుషులని ఆయన ఇంకా అననే లేదు, ముందు వరసలో ఒకావిడ మాత్రం తల దించుకుంది.

“నలభై వేల ఇళ్లూ మళ్లీ దువ్వాలి. ఈసారి వండి వడ్డించేవాళ్లని. పట్టీ వాళ్లకే చూపించాలి, ఇంట్లో ఇంకెవరికీ కాదు. ఏడాది పడుతుంది. అప్పటిదాకా రేషను పప్పు ఆపకండి.”

“ఏడాదికి మీరు రిటైరవుతారు. పదకొండేళ్ల పని తప్పని మీ నోటితో మీరే అంటున్నారు. రికార్డులో అదే మిగులుతుంది.”

“మిగలనివ్వండి. ఏదో ఒకటి మిగలాలిగా.”

గోవర్ధనం గారు చాలాసేపు సవరంకేసి చూశాడు. దాన్ని చిటికెనవేలితో జరపలేదు. రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టి, కింద ఉన్న కాగితం తీసుకుని ఫైలులో పెట్టేసుకున్నాడు. కలం మూత బిగించాడు.

“ఏడాది” అన్నాడు. తర్వాత అడిగాడు, “ఎవరిదండీ ఈ జుట్టు?”

పాండురంగం చెప్పాడు. గేటు బయట ఆటోలు ఆపే గొంతు, మొదటి వరస దాటలేదు.

“ఏమన్నారు? వినబళ్లేదు” అన్నాడు వెనక నుంచి సూర్యం గారు.

చంద్రకళ లేచి వెనక్కి తిరిగి, అందరికీ వినబడేలా చెప్పింది:

“వాళ్ల అక్కదట. ఆమె పప్పు తినలేదట. సార్ తిన్నరట. గంతే.”